అల్లం కషాయం, చల్లటి లబన్

2018 నవంబరులో మా నిర్మాణ కంపెనీ నన్ను జెడ్డా నుంచి ఖమీస్ ముషైత్‌లోని కార్మికుల క్యాంపుకు మార్చింది. హోదా ఫస్ట్ ఎయిడర్. అంటే సేఫ్టీ ఆఫీసరు కింద, మందుల డబ్బా పైన. నాలుగు వందల మంది ప్రాణాలు నా చేతిలోనే ఉన్నాయని ఇంటికి ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. నిజానికి నా చేతిలో ఉన్నవి దూది, అయొడిన్, జ్వరం బిళ్లలు, ఒక రబ్బరు స్టాంపు.

సౌదీ అంటే ఎండే అనుకునేవారికి ఒక మాట. ఖమీస్ కొండల మీది ఊరు. డిసెంబరు తెల్లవారుజామున నా పళ్ల చప్పుడుకే లేచి డ్యూటీకి వెళ్లేవారు కనక పక్క గదివాళ్లు అలారం పెట్టుకోవడం మానేశారు.

విదేశీ కార్మికుడు ఒక్కొక్కడి మీదా కంపెనీ ప్రభుత్వానికి కట్టే లెవీ ఆ ఏడాది పెరిగింది. దానికి తోడు నితాఖాత్: ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలన్న నిబంధన. రెండూ కలిసి మా ఆఫీసు చేత ఒక జాబితా మొదలుపెట్టించాయి. చలికాలంలో మూడు సిక్ స్లిప్పులు అయినవాడికి జనవరి చివర ఫైనల్ ఎగ్జిట్, అంటే తిరిగి రాని ప్రయాణం. సిక్ రిజిస్టరు రాసేది నేను.

ప్లాస్టరింగ్ మేస్త్రీ రాజన్నది జగిత్యాల వైపు. దగ్గుతో అప్పటికే రెండు స్లిప్పులు అయ్యాయి. పాలీక్లినిక్‌లో ఎక్స్‌రే తీయించాను. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదనీ, చలీ సిమెంటు దుమ్మే కారణమనీ, వెచ్చగా ఉండమనీ డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక రాజన్న ఒక్కటే అడిగాడు.

"సార్, బిడ్డ నర్సింగు సదువుతున్నది. ఆమె సదువు అయ్యేదాక నన్ను ఈడ ఉండనియ్యుండ్రి."

మా పక్క బ్లాకులో స్టీలు పనికి వచ్చిన చైనావాళ్లు ఉండేవారు. వాళ్లలో ఒక్కడైనా దగ్గగా నేను వినలేదు. వాళ్ల వంటవాడు చెన్, అరవై ఏళ్ల మనిషి. అతని దగ్గర ఆరా తీశాను. పని దిగగానే అల్లం, ఎండు ఎర్ర రేగుపండ్లు, నల్లబెల్లం మరిగించిన కషాయం ఒక గ్లాసు. ఆపైన చీలమండలు మునిగేలా వేడినీళ్ల బకెట్‌లో కాళ్లు, ఇరవై నిమిషాలు. అంతే. రాజన్నకు అదే ఆదేశించాను.

అక్కడ నా విద్వత్తు అడ్డొచ్చింది. అల్లం వేడి. బెల్లం వేడి. బకెట్ ఎలాగూ వేడే. ఇంత వేడి చేస్తే మనిషి నిలువునా కాలిపోడూ? మా అమ్మ నుంచి నాకు సంక్రమించిన వైద్యశాస్త్రం ప్రకారం విరుగుడుగా చలవ పడాలి. కషాయం మీద ఫ్రిజ్‌లోంచి తీసిన లబన్, అంటే అక్కడి మజ్జిగ, ఒక పెద్ద సీసా తాగాలని తెలుగులో రాసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి రాజన్న మంచం పక్క గోడకు అంటించాను.

రాజన్న క్రమశిక్షణ గల రోగి. ఎనిమిది రోజులు చుక్క వదల్లేదు. దగ్గు చప్పుడు గది దాటింది, బ్లాకు దాటింది, మెస్ దాకా వచ్చింది. తొమ్మిదో రోజు క్యాంప్ బాస్ నన్ను పిలిచి, మూడో స్లిప్పు ఎప్పుడు రాస్తున్నావని అడిగాడు.

నేను నేరుగా చెన్ వంటగదికి వెళ్లాను, యుద్ధం ప్రకటించడానికి వెళ్లే రాయబారిలాగా. నీది దొంగమందు అన్నాను. నాకొచ్చిన ఇరవై అరబ్బీ మాటల్లో ఎంత అనగలనో అంత అన్నాను. అతను కోప్పడలేదు. స్టవ్ ఆపి నా వెంట వచ్చాడు.

రాజన్న బకెట్‌లో కాళ్లు పెట్టుకుని, నుదుట చెమటలు కారుతుండగా, మంచు పట్టిన లబన్ సీసా ఎత్తి తాగుతున్నాడు.

చెన్ బకెట్‌ను చూశాడు. సీసాను చూశాడు. మళ్లీ బకెట్‌ను చూశాడు.

"సదీక్, లబన్ మాఫీ కోయిస్," అన్నాడు. మిత్రమా, లబన్ మంచిది కాదు, అని. ఎవరు చెప్పారని చేత్తోనే అడిగాడు.

రాజన్న గోడ చూపించాడు. "సారే రాసిచ్చిండ్రు. స్టాంపు గూడ కొట్టిండ్రు."

చెన్‌కు తెలుగు రాదు. స్టాంపు మాత్రం ఏ దేశం వాడికైనా అర్థమవుతుంది. అతను నా దగ్గరికొచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు, జ్వరం నాకేమోనని.

ఆ రోజుతో లబన్ బంద్. రోజూ సాయంత్రం చెన్ ఒక పియర్ పండు తొలిచి, పటికబెల్లం పోసి, ఆవిరి మీద ఉడికించి పంపేవాడు. పొద్దున గోరువెచ్చటి బియ్యపు జావ. దాన్ని చూసి రాజన్న, "గిది మా అవ్వ కాసే జావనే గద సార్. దీనికి చీనా దాక పోవాల్నా?" అన్నాడు. నేను రిజిస్టరులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

పన్నెండు రోజులకు దగ్గు పోయింది. పియర్ పండు వల్లో, లబన్ మానడం వల్లో, నేను నోరు మూసుకోవడం వల్లో తేల్చే పరికరాలు క్యాంపులో లేవు. మూడో స్లిప్పు మాత్రం రాయాల్సిన పని పడలేదు.

జనవరి చివర జాబితాను మెస్ తలుపుకు అంటించారు. రాజన్న పేరు లేదు. నా పేరు ఉంది. నాకు స్లిప్పులేమీ లేవు. ఫస్ట్ ఎయిడర్ పోస్టు నితాఖాత్ కింద సౌదీలకు వెళ్లింది. నేను లేకపోతే నాలుగు వందల మంది ఏమైపోతారోనని నేను తప్ప ఎవరూ బెంగపడలేదు. కొత్తగా వచ్చిన సౌదీ ఉద్యోగికి తాళాలు, రిజిస్టరు, స్టాంపు అప్పగించి సంతకం తీసుకున్నాను. బస్సెక్కేటప్పుడు రాజన్న గోడ మీది కాగితం మడిచి తెచ్చి నా జేబులో పెట్టాడు.

"మీదే గద సార్, తీస్కపోండ్రి. ఎవలకు చూపెట్టకుండ్రి."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి వార్డులో పనిచేశాను. ఖమీస్‌లో నేర్చుకున్నది ఇంతే: రోగిని మందు వేసుకున్నావా అని అడిగితే చాలదు. దాని మీద ఏం తాగావు, ఎవరు తాగమన్నారు అని కూడా అడగాలి. ఆ చివరి ప్రశ్న అడిగే ముందు మాత్రం చుట్టుపక్కల గోడల మీద మన కాగితం ఏదైనా ఉందేమో చూసుకోవాలి.