మేకుకు వేలాడిన దుంపలు

ఆ లేడీస్ హాస్టల్లో వంట చేసే ఆవిడను అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. వార్డెన్ ఆమె కంటే పదేళ్లు పెద్దదే అయినా ఆవిడా పెద్దమ్మ అనే అంటుంది. పెద్దమ్మకు పుట్టుకతోనే భయం ఎక్కువ. స్టవ్ ఆపానా లేదా అని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తుంది, చూసుకుని వెళ్తుంది, మళ్లీ వస్తుంది. "స్టవ్వుకు కాళ్లుంటే నీ వెంటే తిరిగేది పెద్దమ్మా" అని అమ్మాయిలు ఆటపట్టిస్తారు. భర్త పోయాక, అక్కడ తోటపని చేసే మరిది వార్డెన్‌తో చెప్పి ఈ పని ఇప్పించాడు. వంటింటి వెనకున్న చిన్న గది ఆమెది. పని పోతే గదీ పోతుంది.

పోయిన చలికాలం దాకా ఆమె భయాలన్నీ ఉత్తుత్తివే. అప్పుడొచ్చిన జ్వరం పోతూ పోతూ ముక్కును కూడా వెంటబెట్టుకుపోయింది. సబ్బు వాసన లేదు, కిరోసిన్ వాసన లేదు, మాడిన పాల వాసన లేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూనే ఎండాకాలం దాటింది. ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు? ఉప్పూ కారం నాలుక చెబుతుంది, ఉల్లిపాయలు వేగిన సంగతి రంగు చెబుతుంది. ఎవరైనా వంటింట్లోకి తొంగిచూసి "ఘుమఘుమలాడిపోతోంది" అంటే, "మరేమనుకున్నావు" అనేసి గరిట తిప్పేది. అలా నెట్టుకొస్తోంది గానీ లోపల మాత్రం పీచుపీచుమంటూనే ఉండేది.

ఆ రోజు పొయ్యి మీద పెద్ద గిన్నెలో కూర ఉడుకుతోంది. సాయంత్రం వంటకు ఒలిచిన ఉల్లిపాయలు బేసిన్ నీళ్లలో ఉన్నాయి. అలా నానబెడితే కోసేటప్పుడు కళ్లు అంతగా మండవు. అందులోంచి ఒకటి తీసి పీట మీద పెట్టి కత్తి దింపుతుండగా వార్డెన్ కేక వేసింది.

"పెద్దమ్మా, ఒకసారి రా. నీ మాట కూడా వింటే ఈ గొడవ తేలిపోతుంది."

గొడవ గేటు పక్కనున్న ఖాళీ జాగా గురించి. వార్డెన్‌కు అక్కడ పూలచెట్టు కావాలి. మరిదికి ఉల్లిగడ్డల్లా ఉండే పూలదుంపలు కావాలి. వారం నుంచీ ఇదే వాదన, అమ్మాయిలు కూడా రెండు జట్లయ్యారు.

"చెట్టంటే నాలుగేళ్లు ఆగాలి మేడమ్" అంటున్నాడు మరిది. "వేళ్లు పోయి డ్రైనేజీ పైపుల్లో దూరతాయి. రాలిన పూలు ఊడవలేక నా నడుం పడిపోతుంది. దుంపకు జానెడు చోటు చాలు. ఈ ఏడే పూస్తుంది. ఆ వాసన మేడ మీదికి కూడా వస్తుంది."

"పూసి, ఎండిపోయి, మిగతా ఏడాదంతా ఉత్త మట్టి కనిపిస్తుంది" అంది వార్డెన్.

"ఎండిపోవడం కాదు మేడమ్, అడుగున పడుకుంటుంది. మళ్లీ కాలానికి లేస్తుంది."

"చెట్టయితే పడుకోదు. నీడ ఇస్తుంది, కింద బెంచీ వేసుకోవచ్చు. నువ్వు చెప్పు పెద్దమ్మా."

వాసన అన్న మాట వినగానే పెద్దమ్మ మనసు ముడుచుకుపోయింది. దుంపలు పూస్తే అందరూ తనను పిలిచి వాసన చూడమంటారు. మరో అబద్ధం ఆడాలి. చెట్టయితే నాలుగేళ్ల దాకా ఆ బాధ లేదు.

"చెట్టే బాగుంటుంది" అంది.

మరిది మొహం చిన్నబోయింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు, మీ ఇష్టమే కానివ్వండి. మరి నేను తెచ్చిన ఆరు దుంపల్నీ ఏం చెయ్యను? గాలి తగులుతుందని నిన్న వెనక వరండాలో మేకుకు వేలాడదీశాను, వల సంచీలో."

పెద్దమ్మ గబుక్కున వంటింటి వైపు చూసింది. ఆ మేకుకు ఉల్లిపాయల సంచీ ఉంటుంది. పొద్దున్న చీకటి విడకముందే రెండు సంచీలు చేతికి తగిలితే, కొత్త సరుకు వచ్చిందనుకుని రెండూ ఒకే బుట్టలో ఒంపేసింది.

"అవి తింటే ఏమవుతుంది?" అని అడిగింది.

"తినడమేంటి వదినా? విషం. మేకలు కూడా ముట్టవు."

ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. గిన్నె తీసి సింకులో పారబోసి, మాడిపోయిందని చెబితే ఎవరికీ తెలియదు. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుంది కూడా. అప్పుడు గుర్తొచ్చింది, ఒక కంచం ఇంతకుముందే వెళ్లింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు, ఆకలేస్తోందని కూర ఉడికీ ఉడకకముందే పెట్టించుకుని తిని, మేడ మీదికెళ్లి పడుకుంది.

గబగబా మెట్లెక్కి నర్సు గదికి వెళ్లింది. తలుపు కొట్టింది. జవాబు లేదు. రెండు అరచేతులతో బాదింది. లోపల ఏ అలికిడీ లేదు. ఆ పిల్ల తల్లి ఒకసారి చూడ్డానికి వచ్చి, "నా పిల్లకు వేళకు ఇంత పెడుతున్నావు, చల్లగా ఉండమ్మా" అని తన చేతులు పట్టుకుంది. అవే చేతులు ఇప్పుడు తలుపు బాదుతున్నాయి. లోకంలో అంత భయం ఉంటుందని, అన్ని భయాలు పడ్డ పెద్దమ్మకు కూడా అప్పటిదాకా తెలియదు.

గడియ చప్పుడైంది. జుట్టు రేగిపోయి, కళ్లు సగమే తెరిచి నర్సు నిలబడింది. "ఏంటి పెద్దమ్మా, ఇల్లేమైనా అంటుకుందా?"

"కడుపులో ఎలా ఉంది? తిప్పుతోందా? వాంతి వస్తోందా?"

"నిద్ర వస్తోంది."

"కిందికి రా తల్లీ. నేను నీకు విషం పెట్టానేమో."

నిద్రమత్తంతా దిగిపోయిన నర్సు వెంట వచ్చేసరికి, వార్డెన్, మరిది వంటింట్లో ఉన్నారు. మరిది ఉల్లిపాయల బుట్ట బోర్లించి వెతుకుతున్నాడు. తొక్కతో ఉన్నవాటిలో అతని దుంపలు మూడు దొరికాయి. మిగతా మూడూ ఒలిచేసిన వాటిలో ఉండాలి, లేదా గిన్నెలో ఉండాలి.

"ఒలిచేటప్పుడు తెలీలేదా వదినా?" అన్నాడు మరిది. "చూపుకు ఒకటే గానీ వాసనకు ఎక్కడా పోలిక లేదే. చిన్నపిల్లలు కూడా చెబుతారు."

అందరూ ఆమె వైపు చూశారు. తొందరలో చూసుకోలేదని అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బేసిన్‌లో ఒలిచినవి బోలెడున్నాయి. అబద్ధం ఆడితే వెంటనే, "అయితే నువ్వే వాసన చూసి ఏరు" అంటారు.

"నాకు వాసన తెలీదు" అంది. "చలికాలం నుంచీ తెలీదు. జ్వరం తర్వాత పోయింది. మీకెవరికీ చెప్పలేదు."

నర్సు ముందుగా తేరుకుని స్టవ్ ఆపింది. బేసిన్ కింద పెట్టి చుట్టూ ముగ్గురూ కూర్చుని, ఒక్కోదాన్నీ చిన్నగా గిల్లి వాసన చూడసాగారు. ముగ్గురి కళ్ల నుంచీ నీళ్లు ధారలు కట్టాయి. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు గానీ, ఆ పూట ప్రతి ఉల్లీ పెద్దమ్మకు పాములా కనిపించింది. సాయం చేద్దామంటే ముక్కు లేదు, ఊరికే నిలబడదామంటే మనసొప్పడం లేదు. గరిటెడు కూర తీసి నోట్లో పోసుకుంది. ఏమైనా అయితే ముందు తనకే కావాలి.

"ఇదొకటి" అన్నాడు మరిది. తెల్లగా నున్నగా ఉంది. మరి కాసేపటికి వార్డెన్‌కు ఇంకొకటి దొరికింది. బేసిన్ ఖాళీ అయింది. ఐదే వచ్చాయి.

నర్సు తన మణికట్టు తానే పట్టుకుని చూసుకుంది. ఆ పిల్ల ధైర్యంగానే ఉంది గానీ పెదవులు పాలిపోయాయి.

"పెద్దమ్మా, పీట మీద ఆ కత్తి ఏంటి?" అంది వార్డెన్.

పీట మీద ఒకటి ఉంది, సగం దాకా దిగిన కత్తితో సహా. వార్డెన్ పిలవగానే పెద్దమ్మ వదిలేసి వెళ్లినది అదే. మరిది కత్తి లాగి వాసన చూశాడు. దాన్ని మిగతా ఐదింటి పక్కన పెట్టాడు.

ఆరూ దొరికాయి. గిన్నెలోకి ఒక్కటీ పోలేదు. నర్సు "హమ్మయ్య" అంటూ గోడకు చేరబడి నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. చెట్టా దుంపా అని అడగడానికి ఇంకాస్త ఆలస్యంగా పిలిచి ఉంటే ఆ కత్తి కిందిదాకా దిగేదే, రాత్రికి ముప్పైమంది కంచాల్లోకి వెళ్లేదే. ఆ మాట తలుచుకుని నేల మీద చతికిలబడి ఏడ్చింది. కూర మంచిదేనని ఎంత చెప్పినా వినకుండా పారబోసింది. ఆ మధ్యాహ్నం అందరూ రొట్టె, అరటిపళ్లు తిన్నారు.

సాయంత్రం వార్డెన్ వెనక గదికి వచ్చింది. పెద్దమ్మ అప్పటికే బట్టలు సంచీలో సర్దుకుంది.

"ముందే చెబితే తీసేస్తాననుకున్నావా?"

"అనుకున్నాను మేడమ్."

"తీసేసేదాన్నే" అంది వార్డెన్. కుర్చీ లేకపోవడంతో మంచం అంచున కూర్చుంది. "కానీ అందరి ముందూ ఒప్పుకున్నదాన్ని ఇప్పుడెలా తీసెయ్యను? ఆ సంచీ విప్పు. రేపట్నుంచి ఒలిచేటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉంటారు."

మర్నాడు పొద్దున్నే డ్యూటీ నుంచి వచ్చిన నర్సు, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చుని ఉల్లిపాయల బుట్ట ముందుకు లాక్కుంది. అప్పట్నుంచీ అది ఆ పిల్లకు అలవాటైపోయింది.

గేటు పక్కన చెట్టు నాటారు. దాని మొదట్లో దుంపలు కూడా పెట్టమని పెద్దమ్మే పట్టుబట్టింది. మట్టిలో ఉంటే తన చేతికి రావు కదా అని. ఒలిచినవి బతకవంటూనే మరిది ఆరూ పాతాడు. తొక్క తీయనివి మూడూ మొలిచి, కాలం రాగానే తెల్లగా పూశాయి. అమ్మాయిలంతా గేటు దగ్గర గుమిగూడి పెద్దమ్మను లాక్కొచ్చారు. ఆమె వంగింది. అలవాటు కొద్దీ "బాగుంది" అనబోయి ఆగింది.

"నాకు తెలీదే. ఎలా ఉందో నువ్వు చెప్పు" అంది నర్సుతో.

నర్సు కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. చాలాసేపు ఆలోచించింది.

"ఉల్లిపాయ వాసన మాత్రం కాదు పెద్దమ్మా" అంది.

అందరితో పాటు పెద్దమ్మ కూడా నవ్వింది. చేతులు మాత్రం వెనక్కి పెట్టుకునే ఉంది.