అందరికీ మొదటి వరుసే

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలవాటైపోయిందనుకుంటాను గానీ, ఎవరైనా అక్కా అని పిలిస్తే చాలు, ఉలిక్కిపడతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

దోహాలో మా పని వెబ్‌సైట్లను పరీక్షించడం. వెయ్యిమంది ఒకేసారి వచ్చి పడితే సైటు తట్టుకుంటుందా, చతికిలపడుతుందా అని ముందే చూడాలి. అందుకు వెయ్యిమంది ఉత్తుత్తి మనుషులను సృష్టించి, ఒక ఫైల్లో ఒక్కొక్కరికీ ఒక్కో వరుసలో వేరే పేరు, వేరే నంబరు రాసిపెడతాం. అందరికీ ఒకే వరుస ఇస్తే సర్వరు ఒకసారి వెతికిన జవాబునే దాచుకుని అందరికీ పంచేస్తుంది. అంతా వేగంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అది మోసం.

రజిత నాకంటే చిన్నది, జగిత్యాల వైపు పిల్ల. వాళ్ళ నాన్న ఇక్కడే లేబర్ క్యాంపులో ఉండి మేస్త్రీ పని చేశాడు. ఒక ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల సైటు కోసం ఆమె తయారుచేసిన ఫైలు చూసి మేనేజర్ మురిసిపోయాడు. నేపాలీ పేర్లు, మలయాళీ పేర్లు, నాలుగు ముక్కల అరబ్బీ పేర్లు, ఒకే ముక్క పేరున్నవాళ్ళు, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుకొచ్చిన మన తెలుగువాళ్ళు. ఎవరినీ వదల్లేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదే అన్నాడాయన, నా ముందే. ఇన్నేళ్ళూ ఆ పని చేసింది నేను. ఒళ్ళు మండిపోయింది. మేస్త్రీ కూతురికున్న తెలివి నాకు లేదా? రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ సరిగ్గా అలాగే అనుకున్నాను.

మర్నాడు ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు, మేమిద్దరం వాడే మెషీన్ మీద ఒక్క సెట్టింగు మార్చాను. ప్రతి మనిషికీ కొత్త వరుస అని ఉన్నదాన్ని అందరికీ మొదటి వరుసే అని పెట్టాను. మేనేజర్ పట్టుకుని నాలుగు చీవాట్లు పెడతాడు, అంతే అనుకున్నాను. నిజంగా అంతే కోరుకున్నానా? ఏమో. ఆయన పట్టుకోలేదు. పరీక్షలో సైటు వేగం చూసి ఆమెను ఇంకా పొగిడాడు. అప్పుడైనా నోరు విప్పాల్సింది, కానీ ఆ పొగడ్త విన్నాక నా కడుపుమంట ఇంకా పెరిగిందే గానీ తగ్గలేదు.

సైటు తెరిచిన రోజు పొద్దున్నే కుప్పకూలింది. రోగులు కౌంటర్ల దగ్గర గంటల తరబడి నిలబడ్డారు. రజిత ఆ సెట్టింగు చూసి, తెల్లబోయి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నేను కొత్త వరుసనే పెట్టిన. నువ్వు పక్కనే ఉంటివి గద. నీకు యాదికున్నదా?"

"లేదమ్మా. హడావుడిలో నువ్వే మర్చిపోయి ఉంటావు."

"గంతేనేమో అక్కా. నేనే మర్చిపోయిన్నేమో," అంది.

నెల తిరక్కుండా వీసా రద్దు చేసి పంపేశారు. ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. ఆమె ప్రాజెక్టు నాకిచ్చారు. ఇక్కడ చర్చి కూడా సెలవురోజైన శుక్రవారమే. ఆ ప్రార్థనలో మోకరించాను, పెదవులు కదిలాయి గానీ ఈ మాట మాత్రం రాలేదు.

పోయిన నెల మా ఆఫీసులో ఖాళీ ఉందని రజితకు ఫోన్ చేశాను. చేసిన పాపం కడుక్కుందామనా? కావచ్చు. ఆమె వద్దంది. ఊళ్ళో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోందట. "నాకు మతిమరుపు గద అక్కా. మల్ల నా చేతుల అసొంటిది జరిగితే ఎట్ల?" అని నవ్వింది. ఇంట్లోంచి బయటికి వెళ్ళేముందు గ్యాస్ కట్టేసిందో లేదో మూడుసార్లు వెనక్కి వచ్చి చూసుకుంటుందట.

అప్పుడూ చెప్పలేదు నేను. జాగ్రత్త అని ఫోన్ పెట్టేశాను.

ఆమె మర్చిపోలేదు. మార్చింది నేను. ఈ రెండు ముక్కలూ ఇన్నాళ్ళకు రాయగలిగాను, ఊపిరి కాస్త ఆడుతోంది. రజిత మాత్రం రేపు కూడా గుమ్మం దాకా వచ్చి, గ్యాస్ చూసుకోవడానికి వెనక్కి వెళుతుంది.