జడ్జీ బల్లమీద తాళాలు

మా చెల్లెలి మొగుడు దర్జీ. అతని నోటి ముందు కత్తెర దిగదుడుపే. చొక్కా బిగుతైందని ఒక లావుపాటాయన కొట్టు ముందు గొంతు చించుకుంటున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"కొలత తీసేటప్పుడు పొట్ట లోపలికి లాక్కున్నదెవరండీ? నేనా?" అన్నాడు మా మరిది.

"అలవాటుగా లాక్కున్నానయ్యా!"

"మీ పొట్ట అబద్ధమాడింది, నా గుడ్డ నిజం చెప్పింది. ఎవర్ని శిక్షించమంటారు?"

జనం గొల్లున నవ్వారు. ఆయన ఆ చొక్కానే చంకలో పెట్టుకుని, పైగా ఏమీ అనుకోవద్దని చెప్పి వెళ్లాడు. తప్పు కత్తెరదేనని నాకు తెలుసు. రెండో తరగతి చదువైనా నా కళ్లు మంచివే.

ఇలాంటివాడికి ఉత్తుత్తి కోర్టు దొరికింది. కోతికి కొబ్బరికాయే! ఆదివారం సాయంత్రం సైకిల్ షాపు మేడమీద వీధివాళ్లంతా చేరతారు. టోపీలోంచి చీటీ తీసి, ఏ పక్షం వస్తే ఆ పక్షమే వాదించాలి. సైకిల్ షాపు ముసలాయన నల్ల వానకోటు తొడుక్కుని జడ్జీ అవుతాడు. ఎటు ఎక్కువ చేతులు లేస్తే అటే తీర్పు. మా మరిది అక్కడ ఓడింది లేదు.

ఆ వారం కేసు: మతిమరుపు భార్య చేతిలో ఇంటి తాళాలు ఉంచవచ్చా? ఇతనికి "ఉంచకూడదు" అని వచ్చింది. ఎదుటి పక్షాన టీచరమ్మ చక్కగా మాట్లాడింది. ఎక్కడ ఓడిపోతానోనని ఈ పెద్దమనిషి ఏం చేశాడు?

"మా ఆవిడే ఉందండీ! పొయ్యి వెలిగించి బజారుకెళ్లిపోతుంది. మొన్న నన్నే పట్టుకుని 'ఎవరు కావాలండీ' అంది!"

మా చెల్లెలు మూడో వరసలోనే కూర్చుని ఉంది. దాని మతిమరుపు సంగతి మా ముగ్గురికి తప్ప బయట తెలియకూడనిది.

చేతులన్నీ అతనివైపే లేచాయి. చెల్లెలు లేచి, నడుముకున్న తాళాల గుత్తి తీసి, జడ్జీ బల్లమీద పెట్టి, తిన్నగా మా ఇంటికి వచ్చేసింది.

నిన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు నేను.

"ఏం, ఇక్కడ కూడా చేతులెత్తించుకుందామనా?"

"ఫోన్లో ఇంటికి రమ్మంటే 'కోర్టు వద్దంది కదా' అంటోంది వదినగారూ."

"సరిగ్గానే అంది. నీ నోటికి వెయ్యాల్సిన తాళం దానికి వేశావు."

"తాళాలు జడ్జీగారి దగ్గరే ఉన్నాయి. తీర్పు తిరగబడితేనే ఇస్తానంటున్నారు."

"అయితే వాదించు. నోరు పడిపోయిందా?"

"గెలిచినవాడు పక్షం మారకూడదండీ. అవతల ఇంకొకరు నిలబడి నన్ను ఓడించాలి."

"టీచరమ్మ ఉందిగా."

"ఆవిడ మర్యాదస్తురాలు." తల దించుకున్నాడు. "మీరు తిట్టినట్టు నన్నెవరూ తిట్టలేరు. ఆదివారం రండి. అందరి ముందూ, మీ చెల్లెలు చూస్తుండగా, నన్ను ఓడించండి."

"కావాలని ఓడిపోతావా?"

"మీ చెల్లెలు పసిగట్టేస్తుంది వదినగారూ. నేను ప్రాణం పెట్టి వాదిస్తాను. మీరు గెలవాలి."