ఐదో ఓటు నాది... పోయిన పాట అమ్మది

మా చిన్నప్పుడు... భూపాలపల్లి బొగ్గుగనుల క్వార్టర్లలో, గొంతు చించుకుని అరిచే ఇంగ్లీషు పాటలకు ఎలక్షన్లు పెట్టేవాళ్ళం. వాటిని హెవీ మెటల్ అంటారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మాకవి ఇనుప పాటలు... అంతే.

పక్క క్వార్టర్ సారంగం మేనమామ బొంబాయికి లారీ తోలేవాడు. కేసెట్ ఆయన తెచ్చిందే. డబ్బా లేదు, అట్ట లేదు, పాడినవాళ్ళ పేర్లు లేవు. మాకు ఇంగ్లీషు ముక్క రాదు. అందుకని పేర్లు మేమే పెట్టాం. గనిలో పైకప్పు విరిగిపడ్డట్టు డ్రమ్ములు మోగేది బండ పాట. షిఫ్టు సైరన్‌లా గొంతు పైకి లేచేది సైరన్ పాట. మొదటిది పాడేవాడు గరగర మామ, రెండోవాడు కీచు అన్న.

గనుల్లో యూనియన్ ఎన్నికలు ఎలా జరుగుతాయో మావీ అలాగే. గుర్తులు, నినాదాలు, చీటీలు... బ్యాలెట్ పెట్టె డాల్డా డబ్బా. సారంగం చెల్లె రజిత వాకిట్లో నిలబడి "సైరన్ గుర్తుకే మన ఓటు!" అని అరిస్తే, రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న ఎదురింటి పెద్దనాయిన కిటికీలోంచి కసిరేవాడు. "ఓ పోరీ! నీ సైరన్ పాడుగాను... జర పండుకోనియ్యవే!"

"కీచు అన్నకు ఎవలే ఓటేసేది? పన్ను పీకుతున్నట్టు ఒర్రుతడు," అనేవాడు సారంగం.

"నీ గరగర మామను ముందుగాల దవాఖానకు తీస్కపో అన్నా... దగ్గు మందు పోస్తరు!"

ఆ ఎండాకాలం సారంగం వాళ్ళ బాపుకు వేరే గనికి బదిలీ అయింది. లారీ వచ్చి వాకిట్లో ఆగింది. రెండు కేసెట్లు పట్టే టేప్‌రికార్డర్ కాలనీలో వాళ్ళ ఇంట్లోనే ఉండేది.

"దీన్ని గిప్పుడే మూట గట్టాలె. ఒక్క పాట ఎక్కించుకోరా... ఒక్కటే," అన్నాడు సారంగం.

ఏ పాట? మళ్ళీ డాల్డా డబ్బా వచ్చింది. అన్నాచెల్లెళ్ళు, వెనక లైను పిల్లలిద్దరు, నేను. నాలుగు చీటీలు తీసేసరికి రెండూ రెండూ. ఐదోది నాది... బండ పాట. సారంగం ఎగిరి గంతేశాడు. "కేసెట్ తేపో, జల్ది!"

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కేసెట్. ఒకవైపు పాస్టరుగారి ప్రార్థన. రెండోవైపు మా అమ్మ పాట. మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టినప్పుడు పాస్టరుగారే రికార్డు చేసి ఇచ్చారు. చుట్టాలు వస్తే అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "జర కూసోన్రి, నా పాట ఇనిపోదురు," అనేది. చెరిగిపోకూడదని మా బాపు ఆ కేసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులు విరగ్గొట్టాడు... అవి లేకపోతే దానిమీద ఇంకోటి రికార్డవదు. ఆ కన్నంలో కాగితం కూరితే మళ్ళీ రికార్డవుతుందని కాలనీలో పిల్లలందరికీ తెలుసు.

కేసెట్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాను... ప్రార్థన చెరిపితే దేవుడు ఊరుకోడు. అమ్మ పాటకేముంది? అమ్మ ఇంట్లోనే ఉంది కదా... మళ్ళీ పాడుతుంది.

కాగితం కూరాను.

తర్వాతి ఆదివారం మా చిన్నమ్మ వచ్చింది. అమ్మ మురిసిపోతూ బటన్ నొక్కింది. గరగర మామ ఒక్కసారి గర్జించాడు. చిన్నమ్మ ఉలిక్కిపడి చేతిలో చాయ్ ఒలకబోసుకుంది.

"గిదేందిరా... నా పాట ఏది?"

నేను తెలివి చూపబోయాను. "బైబిల్ల బూరలూదితే కోట గోడలు కూలినయని నువ్వే చెప్పినవ్ గదమ్మా... గిది గసొంటిదే."

అమ్మ టేప్ ఆపింది. తర్వాత నవ్వింది. "గోడలు గాదు బిడ్డా, నా పాటే కూలింది. పోనీ తియ్... నేనేమన్న సచ్చిన్నా? మళ్ల పాడుత."

నిజంగానే పాడింది. ఆ తర్వాత పన్నెండేళ్ళు... పిండి పిసుకుతూ, బట్టలు ఉతుకుతూ, చివర్లో మంచం మీద దగ్గు ఆపుకుంటూ. ఇంట్లో టేప్‌రికార్డర్ ఉంది. ఎర్ర బటన్ ఉంది. నేను ఒక్కసారి కూడా నొక్కలేదు.

అమ్మ పోయాక నేను ఊరూరా దేవుని వాక్యం చెప్పడం పట్టుకున్నాను. బైబిలు కళాశాల గడప తొక్కినవాణ్ణి కాను. చదువుకున్నది నాకు నేనుగానే, నోరు మాత్రం నిప్పు. జనగామలో, మహబూబాబాద్‌లో, కొత్తగూడ గూడేల్లో గొంతు పోయేదాకా చెప్పాను... "సాతాను సంగీతం నా తల్లి పాటను మింగింది!" జనం ఏడ్చేవారు. లింగాల ఘనపూర్‌లో ఒక సాయంత్రం పిల్లలు తమ పాటల కేసెట్లు తెచ్చి నా ముందు కుప్ప పోశారు. నేనే అగ్గిపుల్ల గీశాను.

అలసిపోయాను తమ్ముళ్ళూ... ఆ మాట మోసీ మోసీ అలసిపోయాను. దేవుడి తోటలో మొదటి మనిషి చేసింది కూడా ఇదే. తప్పు తాను చేసి వేలు పక్కనున్న భార్య వైపు చూపించాడు. గరగర మామ మా ఇంటికి నడిచి రాలేదు. కాగితం కూరింది నా చేయి. పన్నెండేళ్ళు ఊరుకున్నదీ నా చేయే. అబద్ధ సాక్ష్యం పలకవద్దని ఊరూరా చెప్పి, నేనే పలికాను. ఆ సాయంత్రం కేసెట్లు కాల్చుకున్న పిల్లలు ఇది చదువుతుంటే... నన్ను క్షమించండి.

ఇప్పుడు ఎవరు నోరు తెరిచినా రికార్డే. నా ప్రసంగాలు ఎందరి ఫోన్లలో ఎన్ని గంటలు ఉన్నాయో నాకే తెలియదు. మా అమ్మది మాత్రం ఒక్క నిమిషం లేదు.

ఆ రోజుల్లో మన కాలనీ కూడికలకు టేప్‌రికార్డర్ తెచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే... అటక మీద పాత కేసెట్లు ఉంటే, ఒక్కసారి చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడైనా ఒక ఆడగొంతు, చరణం చరణానికీ కొంచెం ఆగి ఊపిరి పీల్చుకుంటూ వినిపిస్తే, కింద కామెంట్లలో ఒక ముక్క రాయండి. నేనే వస్తాను.

ఆ కేసెట్‌లో ఇంకే పాటలు ఉన్నా... ఏమీ అనను.