మోరి సార్ వాళ్ళ ఊరి మెట్లు

దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే లేచి టీ పెట్టుకోవడానికి పోయే మనిషిని నేను. మా పుల్లంపేట పక్క గాలి సోకిందని వేపమండలతో కొట్టించుకునేవాళ్ళను చిన్నప్పుడు చూశాను. నాకు వాళ్ళ జ్వరం కనబడింది, ఆకలి కనబడింది, గాలి మాత్రం కనబడలేదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా దయ్యం ఉందని నేను అనను. ఏముందో నాకు తెలీదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడు నేను బ్నీద్ అల్ గార్ అనే పేటలో మోరి సార్ అనే జపాన్ ఇంజనీరు ఫ్లాటులో వంట చేసేవాణ్ణి. యాభై దగ్గర వయసు. ఒక్కడే ఉండేవాడు. నా చింతపండు చారు గ్లాసులో పోసుకుని టీ తాగినట్టు తాగేవాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు, ఆయనకు వచ్చిన హిందీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం.

ఆగస్టులో ఒక పొద్దున లేచేసరికి సముద్రం రోడ్డు మీద ట్యాంకులు. సార్ వాళ్ళ ఎంబసీకి పోదామనుకునేలోపే మా వీధి చివర చెక్‌పోస్టు పెట్టేశారు. అమెరికావాళ్ళను, ఇంగ్లీషువాళ్ళను, జపాన్‌వాళ్ళను ఇళ్ళలోంచి పట్టుకుపోతున్నారని తెలిసింది. మమ్మల్ని, అంటే ఇండియావాళ్ళను, పెద్దగా ఆపేవాళ్ళు కాదు. నేను బయటికి పోయి ఖుబ్జ్ రొట్టెలు, దొరికితే కూరగాయలు తెచ్చేవాణ్ణి. సార్ పరదాలు దించుకుని ఇంట్లోనే దాక్కున్నాడు.

వీధి వైపు కిటికీ లేనిది వంటింటికే. అందుకని మధ్యాహ్నాలు ఇద్దరం వంటింట్లో నేల మీద కూర్చునేవాళ్ళం. ఆయనకు ఏమీ తోచేది కాదు. ఒకరోజు ఉల్లిగడ్డలు, అగ్గిపుల్లలు నేల మీద పరిచి వాళ్ళ ఊరి తీరమంతా కట్టి చూపించాడు. జపాన్‌కు పడమటి సముద్రం వైపు ఉందట ఆ ఊరు.

"టూరిస్టులు పెద్ద గుడి దగ్గర దిగుతారు. ఫోటో తీసుకుంటారు, తిరుగు బస్సు ఎక్కుతారు. ఇటు ఎవరూ రారు. ఇక్కడే బాగుంటుంది" అన్నాడు.

ఆ తర్వాత రోజూ అదే మాకు పని. గైడు ముందు నడుస్తున్నట్టు ఆయన చెబుతుంటే నేను వెనక పోయేవాణ్ణి. బస్సు ఆఖరి స్టాపులో దిగాలి. తాళ్ళ మీద బట్టలు ఆరేసినట్టు చేపలు ఆరేసిన చిన్న పల్లె వస్తుంది. అది దాటితే సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ, దాని మధ్యలో బెజ్జం, ఆ బెజ్జంలోంచి దిగే పొద్దు. తర్వాత ఒక గుహ. దాంట్లో పసిపిల్లల ముఖాలున్న రాతి బొమ్మలు, వాటి మెడలకు ఎవరో కట్టిన ఎర్ర గుడ్డలు. చివరన ఆరు పలకల స్తంభాలు పేర్చినట్టుండే నల్లరాయి, ఆ రాతిలో చెక్కిన మెట్లు, మెట్ల కింద నీళ్ళ అంచున పిడికెడంత గుడి.

మిగతా చోట్ల గురించి ఎంతసేపైనా చెప్పేవాడు. ఆ మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "అక్కడికి పొమ్మని నేను ఎవరికీ చెప్పను ఈశ్వర్. జారుతుంది" అనేసి అగ్గిపుల్లలు తీసేసేవాడు.

కొన్ని వారాలు అలా గడిచాక ఒక మధ్యాహ్నం తలుపు కొట్టారు. నలుగురు సైనికులు. సార్ చొక్కా మార్చుకుని, చిన్న సంచి పట్టుకుని బయలుదేరాడు. ఆయనే నా భుజం తట్టి, "ఫిర్ మిలేంగే" అన్నాడు, మళ్ళీ కలుద్దామని. ఇక బతికి రాడనుకున్నాను.

ఆ ఫ్లాటులో ఉండలేక మహబూలా పోయాను. అక్కడ సముద్రానికి దగ్గరలో రాయచోటి మస్తానన్న గది ఉండేది. డ్రైవరు, నాకంటే పెద్దవాడు, కువైట్ వచ్చినప్పటినుంచి నన్ను తమ్ముడిలా చూసుకున్న మనిషి. ఇండియాకు పోయే దారి దొరికేదాకా అక్కడే ఉందామనుకున్నాం. బియ్యం ఉన్నాయి గానీ కూరకు ఏమీ లేదు. తీరంలో పాడుబడ్డ రాళ్ళ జెట్టీ ఒకటి ఉంటే, దాని మీద కూర్చుని గాలం వేసేవాళ్ళం.

ఒక పొద్దున మస్తానన్న రోడ్డు మీద కారు దగ్గరే ఆగాడు. నేను చెప్పులు కారులో వదిలి, ఎప్పటిలాగే తీరం దూరపు చివర దిగి, అక్కడి నుంచి నీళ్ళ అంచునే నడిచి జెట్టీ మీదికి పోయాను. రెండు చేపలు పడ్డాయి. అంతలో గుబార్ లేచింది. దుమ్ము తుఫాను. ఎండ ఉన్నట్టుండి ఎర్రబడింది, తర్వాత మట్టి రంగయింది, తర్వాత నా చెయ్యి నాకే కనబడలేదు. గాలాన్ని, పట్టిన చేపలను అక్కడే వదిలేసి, రోడ్డు ఎటుందో అంచనా వేసుకుని ఇసుకలో అడ్డంగా నడవడం మొదలుపెట్టాను.

కొంచెం దూరం పోయాక కాలి కింద ఇసుక పోయింది.

రాయి తగిలింది. తడి రాయి. కువైట్ ఎండల్లో ఏ రాయైనా అరికాలు కాల్చేస్తుంది. ఇది చల్లగా, ఐసు మీద కాలు పెట్టినట్టుంది. వంగి చూస్తే నల్లగా ఉంది, పలకలు పలకలుగా ఉంది. నా ముందు మెట్లు పైకి పోతున్నాయి.

నేను ఆగిపోయాను. అప్పుడు పై మెట్టు మీద ఒక ఆడమనిషి కనబడింది. తలకు తెల్లగుడ్డ కట్టుకుని ఉంది. వీపు మీద బుట్ట, బుట్టలోంచి ఏవో నల్లటి ఆకులు వేలాడుతూ నీళ్ళు కారుతున్నాయి. ఆమె వెనక్కి తిరిగింది. నా ముఖం వైపు చూడలేదు, నా కాళ్ళ వైపు చూసింది. వేలితో చూపిస్తూ, "అషిమొతో" అంది. నాలుగడుగులు ఎక్కి, మళ్ళీ వెనక్కి చూసి, "అషిమొతో, అషిమొతో."

భయం వేయలేదు. ఎందుకు వేయలేదో ఇప్పటికీ తెలీదు. ఇంట్లో పెద్దవాళ్ళు గదిమితే పిల్లలు వెంట పోయినట్టు పోయాను. ఆమె కాలు తీసిన చోటే నా కాలు పెట్టాను. మెట్లు ఒకసారి ఎడమకు తిరిగాయి, మరోసారి కుడికి. ఆమె పక్కకు తప్పుకుంది. నా కాలి కింద వేడి తారు తగిలింది. రోడ్డు.

దుమ్ము పలచబడింది. ఎదురుగా ఇరాక్ సైనికుడు ఒకడు నాకు తుపాకి గురిపెట్టి నిలబడ్డాడు. మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లవాడు. అరబ్బీలో ఒకే మాట అరుస్తున్నాడు. మస్తానన్న రెండు చేతులూ పైకెత్తి పరిగెత్తుకొచ్చాడు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎట్లొచ్చినావు రా? ఆ ఇసకంతా కాలు పెడితే పేలే మైన్లు పెట్టినారంట. నిన్ననే పెట్టినారంట. దాంట్లో నుంచి ఎట్లొచ్చినావు రా నాయనా?"

"మెట్లెక్కి వచ్చినాన్నా" అన్నాను.

"యాడుండాయి రా మెట్లు?"

వెనక్కి తిరిగి చూశాను. చదునైన ఇసుక. దాని మీద నా అడుగులే ఉన్నాయి. దగ్గరదగ్గరగా, కొలిచినట్టు పడి ఉన్నాయి. ఒకచోట ఎడమకు తిరిగి, మరోచోట కుడికి తిరిగాయి. తిన్నగా రోడ్డుకు రావలసినవాడు అలా వంకర్లు ఎందుకు పోయాడని ఎవరికైనా అనిపిస్తుంది.

మాతోపాటు ఆ సైనికుడూ ఆ అడుగులనే చూస్తున్నాడు. అంతలో ఒక పసుపుపచ్చ వీధికుక్క జెట్టీ వైపు నుంచి నా వాసన పట్టుకున్నట్టు వచ్చింది. నేను తిరిగిన చోట అది తిరగలేదు. తిన్నగా వచ్చింది.

ఆ శబ్దానికి ముగ్గురం కింద పడ్డాం. ఇసుక, చిన్న రాళ్ళు మా మీద రాలాయి. మళ్ళీ చూస్తే కుక్క లేదు. సైనికుడు తుపాకి కింద పెట్టేసి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. తర్వాత లేచి, పొండి పొండి అని చెయ్యి ఊపాడు.

కారులో కూర్చున్నాక మస్తానన్న నా అరికాలు పట్టుకుని చూశాడు. ఆకుపచ్చటి పాచి అంటుకుని ఉంది. గోటితో గీకి వాసన చూసి తుడిచేశాడు. ఆ పాచి జెట్టీ రాళ్ళది కావచ్చు. కాదని నేను ఒట్టు పెట్టను.

తర్వాత బస్రా, బాగ్దాద్, అమ్మాన్ మీదుగా ఇద్దరం ఇండియా చేరాం. ఇంటి దగ్గరున్నప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సార్ రోజూ ఆ మెట్ల గురించి చెప్పాడు, అవి నా తలకెక్కాయి. దుమ్ములో ఊపిరాడక, భయంలో అవే కనబడ్డాయి. మైన్ల మధ్య కాలు పడటం అదృష్టం. అంతే. నిజానికి చాలా నెలలు ఆ జవాబుతో హాయిగానే ఉన్నాను.

యుద్ధం అయిపోయాక కొత్త వీసా మీద మళ్ళీ కువైట్ వచ్చాను. దజీజ్‌లో ఒక గోడౌన్‌లో పని. ఒకరోజు సామాను చూసుకోవడానికి వచ్చినవాళ్ళలో మోరి సార్ ఉన్నాడు! జుట్టంతా నెరిసింది, సగం మనిషి అయ్యాడు. ఇరాక్‌లో ఏదో ఫ్యాక్టరీ దగ్గర ఉంచి, చలికాలంలో వదిలేశారట. నన్ను చూడగానే గట్టిగా పట్టుకున్నాడు. అంతకుముందు వంగి దణ్ణం పెట్టడమే గానీ ఆయన ఎవరినీ అలా పట్టుకోగా చూడలేదు.

మధ్యాహ్నం గోడౌన్ వెనక నీడలో కూర్చుని టీ తాగుతూ జరిగిందంతా చెప్పాను. మెట్ల దాకా ఆయన నవ్వుతూనే విన్నాడు. "నేనే చెప్పాను కదా" అన్నాడు. మెట్లు రెండుసార్లు తిరిగాయంటే కొంచెం ఆలోచించి, "అది చెప్పానా?" అన్నాడు.

"అక్కడ ఒకామె ఉంది సార్. వీపు మీద బుట్ట. నా కాళ్ళు చూపించి ఏదో అంది."

"ఏమంది?"

"అషిమొతో."

ఆయన చేతిలోని గ్లాసు ఒరిగి టీ ప్యాంటు మీద పోయింది. కాలినట్టు కూడా తెలియలేదు.

ఖాళీ గ్లాసు నేల మీద పెట్టి చెప్పాడు. ఆ మాటకు కాలి దగ్గర చూసుకో, జాగ్రత్త అని అర్థమట. వాళ్ళమ్మ ఆ మెట్ల కింద రాళ్ళ మీద సముద్రపు ఆకు కోసేదట. చిన్నప్పుడు ఆయన్ను వెంట తీసుకుపోతూ మెట్టుమెట్టుకూ ఆ మాట అనేదట. ఒకరోజు పెద్ద అల వచ్చి ఆమెను లాక్కుపోయింది. ఆయన పై మెట్టు మీద నిలబడి చూశాడు. మనిషి దొరకలేదు. జపాన్‌లో ఉన్న పెళ్ళానికి తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదట. నాకు చెప్పలేదు. అది నాకూ బాగా తెలుసు.

మైన్ల మధ్య నిలబడినప్పుడు వేయని భయం, ఆ ఎండలో, ఆ గోడౌన్ వెనక వేసింది.

సార్ మెల్లగా అడిగాడు: "ముసలిదైపోయిందా?"

నేను ఆమె ముఖం గుర్తు తెచ్చుకున్నాను.

"లేదు సార్. మీకంటే చాలా చిన్నది."

ఆయన తల ఊపాడు.

ఆ తర్వాత చాలాసార్లు వాళ్ళ ఊరికి రమ్మన్నాడు. టికెట్టు పంపిస్తాను, ఆ చోట్లన్నీ చూపిస్తాను అన్నాడు. నేను పోలేదు. పోయి చూస్తే ఆ మెట్లు నేను ఎక్కినట్టే ఉంటాయేమో, అప్పుడేం చెయ్యాలి? అలా ఉండకపోతే మాత్రం ఏం చెయ్యాలి? దుమ్ము, భయం, అదృష్టం అని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటే సగం దాకానే సరిపోతోంది. నాకు రాని భాషలో ఆ ఒక్క మాట నా చెవిలో ఎలా పడిందో, ఎంతమందిని అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.