నాగరత్నం గారి ముందస్తు సన్మానాలు

“ఈ పడవ మునిగితే ఏంటండీ పరిస్థితి?”

“మునగదండి. నాకు సన్మానం అయిపోయిందండి,” అన్నాడు పడవ నడిపే చిట్టియ్య, ఇంజను తాడు లాగుతూ.

“సన్మానానికీ మునగడానికీ సంబంధం ఏంటి?”

“ఇరవై అయిదేళ్ళు ఒక్క ప్రమాదం కూడా లేకుండా పడవ నడిపినందుకండి. శాలువా కప్పి, దండేసి, ఆ ఫోటో పెద్దది చేయించి రేవులో కట్టారండి.”

“ఎన్నేళ్ళ నుంచి నడుపుతున్నారు?”

“నాలుగేళ్ళండి. మిగతా ఇరవై ఒకటీ కూడా అలాగే నడిపి తీరాలి కదండీ మరి. పరువు సమస్య.”

పద్నాలుగు నెలల పాపకి లైఫ్ జాకెట్ తొడిగి, దాని మీద ఇంకో జాకెట్ బిగించి ఒళ్ళో పెట్టుకున్న సాయిప్రసన్నకి ఈ జవాబు ఏమాత్రం ధైర్యం ఇవ్వలేదు. ఆమె కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. భర్తకి సామర్లకోటలో రైల్వే ఉద్యోగం. ఆమెకేమో గోదావరి మధ్యనున్న జీలుగులంకకి పంచాయతీ కార్యదర్శిగా పోస్టింగు. రోజుకి రెండుసార్లు పడవ ఎక్కితే ఏడాదికి ఎన్నిసార్లు మునిగే అవకాశం ఉందో కాగితం మీద లెక్కేసి, అంతకంటే లంకలోనే అద్దెకుండటం నయమని తేల్చుకుని, పాపతో బయల్దేరిన మనిషి.

పడవ ఒడ్డుకి ఆనింది. అక్కడ నాగరత్నం గారు సిద్ధంగా ఉన్నారు. అరవై దాటిన మనిషి, నుదుటన రూపాయంత బొట్టు, చేతిలో బంతిపూల దండ, చంకలో ప్లాస్టిక్ కవరు. సాయిప్రసన్న రెండో కాలు ఇంకా పడవలోనే ఉండగా, ఆవిడ కవర్లోంచి జరీ అంచు శాలువా ఒకటి తీసి పాపతో సహా ఆమె భుజాల చుట్టూ కప్పేశారు.

“మన జీలుగులంకలో మూడేళ్ళు పనిచేసి, ఇంటింటికీ మంచినీళ్ళు తెప్పించిన కార్యదర్శి గారికి ఊరి తరఫున కృతజ్ఞతలు! ఫోటో తియ్యండర్రా!”

చప్పట్లు మోగాయి.

“నేను ఇప్పుడే దిగానండీ!” అంది సాయిప్రసన్న.

“చేస్తారు కదండీ,” అన్నారు నాగరత్నం గారు. ఫోటో అవగానే శాలువా లాక్కుని, నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ కవర్లో దోపేసుకున్నారు.

“అదేంటండీ?”

“పని అయ్యాక మీదేనండి. అప్పటిదాకా నా దగ్గరుంటుంది.”

ఆ శాలువా చంటిపిల్లల పౌడరు వాసన వేసింది. పాపది అంటుకుందేమో అనుకుంది సాయిప్రసన్న.

నాగరత్నం గారికున్న అలవాటు అదొక్కటే. లోకంలో అందరూ పని అయ్యాక సన్మానం చేస్తారు. ఆవిడ పని మొదలుకాకముందే చేసేస్తారు. బంతితోటలో పూలు కోసి, దండ కట్టి, రేవులో కాపు కాస్తారు. లంకలో ప్రభుత్వపు అడుగు ఎవరిది పడినా వాళ్ళకి తప్పించుకునే దారి లేదు. పశువులకి టీకాలు వెయ్యడానికి ఒక్క పూట వచ్చిన డాక్టరు గారికి ‘ప్రతి నెలా పదో తారీకున మా లంకకు వచ్చే డాక్టరు గారు’ అని ఫ్లెక్సీ కట్టారు. పాపం ఆయన అప్పటినుంచీ పదో తారీకున తనకే జ్వరంగా ఉన్నా మఫ్లరు చుట్టుకుని వస్తున్నాడు.

“అందరూ ఇలాగే మాట నిలబెట్టుకుంటారాండీ?” అని అడిగింది సాయిప్రసన్న ఓ రోజు.

“లేదండి. అటు చూడండి.”

నాగరత్నం గారి గేదెల పాక కప్పు మీద రెండు ఫ్లెక్సీలు పరిచి ఉన్నాయి. వాటిలో ఇద్దరు పెద్దమనుషులు శాలువాలతో ఆకాశం వంక చూసి నవ్వుతున్నారు.

“వాళ్ళెవరండీ?”

“మీకు ముందున్న కార్యదర్శులండి. ఒకాయన నాలుగు నెలలు, ఒకాయన నెలా పదిరోజులు ఉన్నారు. పోనీలెండి, వానాకాలం గేదెలకి అక్కరకొస్తున్నారు.”

ఆ పాక మీద ఇంకో ఫ్లెక్సీకి చోటుంది. సాయిప్రసన్న అది గమనించింది.

లంకకి ఉన్న అసలు జబ్బు నీళ్ళు. చుట్టూ గోదావరి, తాగడానికి మాత్రం ఊరి నడుమ రెండు చేతిపంపులు. సాయిప్రసన్న వచ్చిన మర్నాడే ఆ నీళ్ళు పరీక్ష సీసాలో పట్టి కిటికీలో పెట్టింది. రెండు రోజుల్లో సీసా నల్లబడితే నీళ్ళలో పేగు రోగాల క్రిములు ఉన్నట్టు. ఆ సీసా ఒక్క రోజులోనే కాటుకలా అయింది. ఏటా జూలైలో వరదకి ఎర్రనీరు వచ్చి పడవలు ఆగిపోయేసరికి, లంకలో పిల్లలకి వాంతులు, విరేచనాలు. అవతలి ఒడ్డున ఆసుపత్రి కనపడుతూ ఉంటుంది, వెళ్ళడానికి ఉండదు. ఆ ఏడు ఎర్రనీరు రాకముందే మంచినీళ్ళు రావాలి. రాకపోతే పాపని తీసుకుని వెళ్ళిపోవాలి. సాయిప్రసన్న మనసులో ఇంకో ఆలోచన లేదు.

స్థలం చూడటానికి నీటి సరఫరా ఇంజనీరు, ఏఈ శశిభూషణ్ వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. రేవులో దిగేసరికి తన నిలువెత్తు బొమ్మే ఎదురైంది: ‘మా లంకకు ట్యాంకు కట్టి, పైపులైను వేయించిన ఏఈ శ్రీ శశిభూషణ్ గారికి పాదాభివందనాలు.’

“అమ్మా, నేనింకా చోటే చూడలేదు!”

“చూస్తారు కదండీ. ముందు కొబ్బరినీళ్ళు తాగండి.”

శాలువా కప్పించుకుని, ఫోటో దిగి, శాలువా వెనక్కి ఇచ్చేసి, తుమ్ముకుంటూ వెళ్ళాడాయన. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. “మేడమ్, ఆ ఫోటో మండపేటలో మా మావగారిదాకా వెళ్ళింది. ఆయన మిల్లులో జనమందరికీ మా అల్లుడు లంకకి నీళ్ళిచ్చాడని చూపిస్తున్నారు. మా ఆవిడ స్టేటస్‌లో పెట్టింది. ఇప్పుడు నేనేం చెయ్యను?”

“నీళ్ళివ్వండి సార్,” అంది సాయిప్రసన్న.

లంక ఎగువ కొసన బోరు వేస్తే మంచినీళ్ళు పడ్డాయి. పైపులు, ట్యాంకు, మోటారు ప్రభుత్వానివి. బోరు దగ్గర్నుంచి ఊళ్ళోకి రెండు కిలోమీటర్ల కందకం తవ్వడం ఊరివాళ్ళ వాటా. ఊరు మాత్రం కదల్లేదు. వాళ్ళ తప్పూ లేదు. అదే ట్యాంకుకి అప్పటికే మూడుసార్లు శంకుస్థాపన జరిగింది. ఆ మూడు రాళ్ళలో ఒకదాని మీద రేవులో బట్టలుతుకుతారు. అందులో చెక్కిన పెద్దమనిషి పేరు రోజూ సబ్బు నురగలో తళతళలాడుతూ ఉంటుంది.

“నాలుగో రాయి మాకొద్దండి, ఇంకెవరికైనా ఇవ్వండి,” అన్నాడు రమేష్ బాబు, చేతిలో ముక్కలు దించకుండానే. లంకలో పేకాటకి పెద్దదిక్కు ఆయన.

మర్నాడు రేషన్ డిపో గోడ మీద రమేష్ బాబు ఫోటో వెలిసింది. మెళ్ళో బంతిదండ, భుజాన శాలువా. కింద ‘ఒంటిచేత్తో వంద గజాల కందకం తవ్విన శ్రీ రమేష్ బాబు గారు’. బియ్యానికి వెళ్ళిన భార్య అది చదివి ఇంటికొచ్చింది.

“ఏవండీ, ఆ వంద గజాలూ ఎక్కడున్నాయండీ? పదండి, ఓసారి చూసొద్దాం.”

మూడో రోజుకల్లా రమేష్ బాబు పార పట్టాడు. ఆయన పడితే పేక బృందమంతా పట్టింది. వాళ్ళు పడితే మహిళా సంఘాలు ఊరుకుంటాయా? మే నెలాఖరుకి కందకం పూర్తయింది. కొలిస్తే రమేష్ బాబు వాటా నూట పది గజాలు.

“పది ఎక్కువ ఎందుకు తవ్వారండీ?”

“వచ్చే సన్మానానికండి.”

ట్యాంకు లేచింది. పైపులు పడ్డాయి. మోటారు రాలేదు. తునిలోని గోడౌన్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా “వచ్చే నెలండి” అనే మాటే. జూన్ మూడో వారంలో, ఎంత కాచి వడకట్టినా, పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. లంకలో ఉండే నర్సు లావణ్య రెండు రోజులు పక్కనే కూచుని చెంచాతో ఓఆర్ఎస్ పట్టింది. పాప తేరుకుంది గానీ సాయిప్రసన్న తేరుకోలేదు. బదిలీ అర్జీ రాసి, తిన్నగా నాగరత్నం గారింటికి వెళ్ళింది.

“రేవులో నా ఫోటో దింపేయండి. గేదెల పాక మీద వేసుకుంటారో, ఏం చేసుకుంటారో మీ ఇష్టం. నాకు భయమండీ. నేను వెళ్ళిపోతున్నాను.”

నాగరత్నం గారు దండ కట్టడం ఆపలేదు. “అలాగేనండి. ఈ దండ అవ్వగానే దింపించేస్తాను. పాపకి మజ్జిగ పట్టారా?”

తిరిగి వస్తుంటే లావణ్య దారిలో కలిసింది. అర్జీ చూసి నవ్వింది.

“నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న బడి మాన్పించి మల్లెతోట పనికి పెట్టేద్దామనుకున్నాడండి. ఈవిడ ఊరందర్నీ పోగేసి ‘మన లంక మొదటి నర్సు లావణ్య’ అని నాకు శాలువా కప్పేశారు. పక్కన మా నాన్నకీ దండేశారు. ఇంక ఏ మొహం పెట్టుకుని మాన్పిస్తాడు?”

“మీకు అప్పటికే నర్సు అవ్వాలని ఉండేదా?”

“లేదండి బాబూ! సూది చూస్తే కళ్ళు తిరిగి పడిపోయేదాన్ని.”

పాపకి చెంచా చెంచాగా ప్రాణం పోసిన ఆ చేతుల వంక సాయిప్రసన్న కాసేపు చూసింది. ఆఫీసుకి వెళ్ళి అర్జీ డ్రాయర్లో పెట్టింది. పంచాయతీ లెటర్‌హెడ్ తీసి, తుని గోడౌన్ మేనేజరుకి ఉత్తరం టైపు చేసింది: ‘జూన్ ఇరవై ఎనిమిదో తేదీకల్లా మోటారు పంపి, మా లంకలో నూట ముప్ఫై మంది చిన్నపిల్లల ఆరోగ్యం కాపాడినందుకు మీకు మా పంచాయతీ హృదయపూర్వక ధన్యవాదాలు.’ ఆ రోజు తారీకు ఇరవై నాలుగు. ఒక కాపీ ఆయన పై అధికారికి కూడా పంపింది.

గంటలో ఫోనొచ్చింది.

“మేడమ్, మేమింకా పంపలేదండీ!”

“పంపుతారు కదండీ,” అంది సాయిప్రసన్న. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

ఇరవై ఏడున మోటారు వచ్చింది. జూలై మొదటి వారంలో గోదావరి రంగు మారడం మొదలైన రోజునే కుళాయి తిప్పారు. ఊరంతా కేకలు వేసింది. సాయిప్రసన్న మాత్రం సీసాలో నీళ్ళు పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. కిటికీలో పెట్టి, రెండు రోజులు ఆ సీసాని పాపకంటే ఎక్కువసార్లు చూసుకుంది. మూడో రోజు పొద్దున కూడా సీసా నల్లబడలేదు. దాన్ని పట్టుకుని రేవుకి వచ్చి “తాగండి!” అంది.

రేవులో అప్పుడు అందరూ ఉన్నారు. ఏఈ శశిభూషణ్ గొంతు సవరించుకున్నాడు.

“నాగరత్నం గారూ, పని అయింది. మరి నా శాలువా?”

“మీ శాలువా ఏంటండీ, నూట పది గజాలు తవ్వాను, అది నాది,” అన్నాడు రమేష్ బాబు. పదో తారీకు కాకపోయినా వచ్చిన పశువుల డాక్టరు కూడా చెయ్యెత్తాడు. ఉన్నది ఒక్కటే శాలువా, మాటిచ్చింది అందరికీ.

“శాలువా ఇప్పుడు ఊళ్ళో లేదండి,” అన్నారు నాగరత్నం గారు. మొదటిసారి ఆవిడ మొహంలో కాస్త తడబాటు.

అంతలో చిట్టియ్య పడవ వచ్చి ఆగింది. అందులోంచి లంకలోనే ఉండే నాగదుర్గ దిగింది. అవతలి ఆసుపత్రిలో కాన్పయి నాలుగు రోజులు. ఆమె చేతుల్లో బిడ్డ, బిడ్డ చుట్టూ జరీ అంచు శాలువా.

లావణ్య వెళ్ళి బిడ్డని అందుకుంది. “కాన్పుకి వెళ్ళే ప్రతి తల్లితోనూ ఇది పంపిస్తారండి. వచ్చేటప్పుడు నదిగాలికి బిడ్డ వణక్కూడదని. మహిళా సంఘం బాగా నడిపారని ఈవిడకి ఎప్పుడో మండలంలో కప్పిన శాలువా ఇది. మీలో ఎవరైనా ఇంటికి పట్టుకుపోతే ఆ తర్వాత పుట్టేవాళ్ళకి ఏదండీ?”

పౌడరు వాసన ఎక్కడిదో సాయిప్రసన్నకి అప్పుడు తెలిసింది. శశిభూషణ్‌కి కూడా ఏదో తెలిసినట్టుంది.

“అంటే... నాకు కప్పిన రోజున...”

“ఉతికే కప్పానండి,” అన్నారు నాగరత్నం గారు. ఒక్క క్షణం ఆలోచించి, “చాలామటుకు,” అన్నారు.

రేవంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లోనే ఆవిడ కొత్త కుళాయి నీళ్ళు చుక్క బిడ్డ నోట్లో వెయ్యబోతే, “ఆర్నెల్లదాకా తల్లిపాలేనండీ!” అని లావణ్య చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఊరుకోక, బంతిదండ తీసి బిడ్డ శాలువా మీద వేశారు.

“అంత చిన్న బిడ్డకి సన్మానం ఏంటండీ, ఇంకా ఏమీ చెయ్యందే?” అంది సాయిప్రసన్న, నవ్వు ఆపుకుంటూ.

“చేస్తాడు కదండీ. మీ పాపని ముద్దు పెట్టుకునే ముందు అదేం చేసిందని అడిగారా?”

“అది కాదండీ. అనుకున్నది జరక్కపోతే?”

“అమ్మాయిగారూ, మీరు వచ్చినప్పట్నుంచీ పడవ మునుగుతుందని భయపడుతున్నారు. ఎన్నిసార్లు మునిగింది?”

“ఒక్కసారీ లేదు.”

“మరి? రాని చెడుకి ముందే ఏడవడానికి మీకు బోలెడు తీరికుంది. రాబోయే మంచికి ముందే ఒక దండెయ్యండి. అది సిగ్గుపడైనా వస్తుంది.”

పై ఆదివారం సాయిప్రసన్న భర్తని చూడ్డానికి అవతలి ఒడ్డుకి బయల్దేరింది. పడవలు ఇంకా ఆగలేదు గానీ, నీళ్ళు ఎర్రగా, కాస్త ఉరవడిగా ఉన్నాయి. పాపకి ఒక్కటే లైఫ్ జాకెట్ తొడిగింది. పడవలో కూచుని, ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

“చిట్టియ్య గారూ, మమ్మల్ని క్షేమంగా ఒడ్డు చేర్చినందుకు థాంక్సండి.”

“ఇంకా ఇంజను తాడే లాగలేదండీ!”

“చేరుస్తారు కదండీ,” అంది.