జేజి ఉపవాసం తప్పిన శుక్రవారాలు

నా చిన్నప్పుడు, పదేళ్ళు నిండిన ఏడు ఎండాకాలం సెలవుల్లో, నేను మా జేజి మీద నిఘా పెట్టాను. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే నవ్వు రావాలి గానీ రాదు. జేజి అంటే మా నాయనకు అమ్మ. కోడుమూరు వైపు మా పల్లెలో, మా వీధి చివర రాతిగోడల చర్చి ఒకటుండేది. మా జేజి పిల్లగా ఉన్నప్పటికే అది పాతదట. మేము దాన్ని గుడి అనే పిలిచేవాళ్ళం. ప్రతి శుక్రవారం అక్కడ ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన జరిగేది. పొద్దున్నే వచ్చి కూర్చుంటే సాయంత్రం నాలుగు దాకా ఎవరూ నోట్లో మెతుకు వేసుకునేవాళ్ళు కాదు. ఆ ఉపవాసాన్ని మొదలుపెట్టించింది మా జేజే. మొదటి పాట ఎత్తుకునేది ఆమే, ముగింపు ప్రార్థన చేసేదీ ఆమే.

ఆ ఏడు నేనూ ఉపవాసం ఉంటానని పట్టుబట్టాను. పెద్దదాన్నయ్యానని నలుగురికీ తెలియాలని నా తాపత్రయం. మా అమ్మ వద్దంది. జేజి మాత్రం, "ఉండలేవు మే. మధ్యాన్నం దాకా ఉండు, సాలు" అంది. ఆ మాటకు నాకు పౌరుషం వచ్చి, సాయంత్రం దాకా ఉంటానని ఒట్టు పెట్టుకున్నాను.

మొదటి శుక్రవారం మిట్టమధ్యాహ్నానికి నా కళ్ళు తిరగసాగాయి. నాపరాళ్ళ నేల చల్లగా ఉంటే దాని మీద చెంప ఆనించి పడుకున్నాను. అప్పుడు జేజి లేచి, "ఎనుముకు నీళ్ళు పెట్టేసి వస్తా" అని పక్కామెతో చెప్పి బయటికి నడిచింది. గంట దాకా రాలేదు. నాకు ఏదో తేడాగా తోచింది. ఎందుకంటే ఆ పొద్దున్నే మా నాయన ఆ ఎనుమును, అదే మా బర్రెను, వంక వైపు తోలుకుపోవడం నేను కళ్ళారా చూశాను. సాయంత్రానికి గానీ అది ఇంటికి రాదు. మరి జేజి ఎవరికి నీళ్ళు పెట్టడానికి పోయినట్టు?

అప్పటిదాకా మా జేజి అబద్ధమాడటం నేను ఎరగను. అందుకే ఆ చిన్న అబద్ధం నన్ను వారమంతా కుట్టింది.

రెండో శుక్రవారం ఆమె పక్కనే అతుక్కుని కూర్చున్నాను. మధ్యాహ్నం మళ్ళీ లేచింది, మళ్ళీ అదే సాకు. తిరిగొచ్చి పాట అందుకున్నప్పుడు ఆమె నోటి నుంచి వేయించిన బుడ్డలు, తెల్లగడ్డ కలిసిన వాసన వచ్చింది. మా వైపు వేరుశనగలను బుడ్డలని, వెల్లుల్లిని తెల్లగడ్డ అని అంటారు. వాటితో నూరే ఊరిబిండి వాసన అది. ఆ పొద్దున మా అమ్మ మగవాళ్ళ కోసం చేసింది సంగటీ, ఊరిబిండే. ఇంటికి వచ్చి సంగటి కుండ మూత తీసి చూస్తే, అమ్మ రాత్రికని ఎంచి పెట్టిన ముద్దల్లో రెండు తక్కువున్నాయి.

ఇక ఆ తర్వాత జేజి ఏం చేసినా నాకు నటనగానే కనబడింది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే నేను మాత్రం కళ్ళు తెరిచి ఆమెనే చూసేదాన్ని. ఆమె చెంపల మీద కన్నీళ్ళు కారితే, ఇవి కూడా ఉత్తవేనా అనుకునేదాన్ని. తల నిమరబోతే పక్కకు జరిగేదాన్ని. చివరికి నా అనుమానం దేవుడి దాకా పోయింది. జేజి తినడం చూసి కూడా ఏమీ అనకుండా ఊరుకున్నవాడు, నా ఆకలిని మాత్రం లెక్కలోకి తీసుకుంటాడా అని.

మూడో శుక్రవారం ఆమె వెనకే మెల్లగా వెళ్ళి మా ఇంటి గోడ పక్కన నక్కాను. జేజి గిన్నెలో రెండు ముద్దలు పెట్టుకుని, పైన కొంగు కప్పుకుని వెనక సందులోకి పోయింది. ఎక్కడో మరుగున కూర్చుని తినడానికే అనుకున్నాను. చాలాసేపటికి తిరిగొచ్చి, తొట్టి దగ్గర చేయి కడుక్కుని, నోరు పుక్కిలించింది. నాకింకేం సాక్ష్యం కావాలి? పరుగున వచ్చి గుడిలో కూర్చున్నాను.

నాలుగు గంటలకు, మా గుడి పాస్టరు అయ్యగారి భార్య, అందరం అమ్మగారు అనేవాళ్ళం, నన్ను చూసి ముచ్చటపడింది. ఇంత చిన్నపిల్ల మూడు వారాలు ఉపవాసం ఉందని మెచ్చుకుని, లేచి, దేవుడు ఎలా నిలబెట్టాడో అందరికీ సాక్ష్యం చెప్పమంది. నేను లేచాను.

"నేను మూడు వారాలు ఉండినా. మా జేజి మాత్రం ఉండలా. ఎనుముకు నీళ్ళు పెట్టాలని అబద్ధం చెప్పి, ఇంటికి పోయి సంగటి తింటాంది."

పాట పుస్తకాలు సర్దుకుంటున్న చేతులన్నీ ఆగిపోయాయి. అమ్మగారు నవ్వబోయి మానుకుని, "పాప ఏమంటుందవ్వా?" అని అడిగింది. జేజి మోకాళ్ళ మీద చేతులానించి మెల్లగా లేచింది.

"నిజమే చెప్పింది. తిన్యాను."

"ఒంట్లో బాగలేదేమో కదా?" అని అమ్మగారే ఒక దారి చూపించబోయింది.

"బాగానే ఉండాది" అంది జేజి. ఆ రోజు ముగింపు ప్రార్థన వేరే ఆమె చేసింది. ఇంటికి వచ్చేటప్పుడు ఎప్పుడూ జేజి చుట్టూ గుంపుగా నడిచే ఆడవాళ్ళు ఆ రోజు నాలుగడుగులు ఎడంగా నడిచారు. నేను గెలిచానని ఎంత అనుకుందామన్నా నాకు సంతోషం పుట్టలేదు. ఇంట్లో మా అమ్మ నా మీదికి చెయ్యెత్తితే జేజి అడ్డం వచ్చింది. "చూసిందే చెప్పింది. దానికి కొట్టేదేముండాది?" అంది.

తర్వాతి శుక్రవారం జేజి గుడిలో వాకిలి దగ్గర, అందరి వెనక కూర్చుంది. మధ్యాహ్నం లేచింది. ఈసారి ఏ సాకూ చెప్పలేదు. నా వైపు చూసి చేత్తో రమ్మని సైగ చేసింది. ఒంటరిగా దొరికించుకుని తిడుతుందేమోనని పదడుగుల దూరంలో నడిచాను. ఆమె గిన్నెలో సంగటి పెట్టుకుని, వెనక సందు దాటి పక్కింటి అక్క వాళ్ళ ఇంట్లోకి వెళ్ళింది. నేను గడప బయటే నిలబడ్డాను.

పక్కింటి అక్కకు ఎనిమిది నెలల బిడ్డ ఉండేది. చలికాలంలో దానికి జ్వరం పట్టుకుంది. ఆ బిడ్డ బతకాలనే మా జేజి మొదటిసారి ఆడవాళ్ళందరినీ పోగుచేసి ఉపవాసాలు పెట్టించింది. మూడో ఉపవాసం రోజే బిడ్డ ప్రాణం పోయింది. అప్పటినుంచి అక్క గుడి గడప తొక్కలేదు. ఆమె దేవుణ్ణి వదిలేసిందని వీధిలో చెప్పుకునేవాళ్ళు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఎన్నడూ ఆమె గురించి ఆలోచించలేదు.

అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నూనె లేక జుట్టు అట్టలు కట్టింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. జేజి గిన్నె ముందుపెట్టగానే తలెత్తి చూసింది.

"ఈ పొద్దు గూడా వస్తివా అవ్వా? గుడిలో నీ పేరు పోయిందంట కదా?"

"పోతే పోనీలే. తిను, సల్లారిపోతాది."

అక్క ముద్ద తుంచి ముందు జేజి చేతిలో పెట్టింది. జేజి దాన్ని ఊరిబిండిలో అద్దుకుని నోట్లో వేసుకుని మింగేదాకా అక్క కళ్ళార్పకుండా చూసింది. ఆ తర్వాతే తనూ ఒక ముద్ద తీసుకుంది. అప్పుడు ఆమె చూపు నా మీద పడింది.

"ఈ పాపేనా?"

"ఈ పాపే" అంది జేజి.

అక్క నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గోడ వైపు చూస్తూ చెప్పింది. "మీ జేజి నా బిడ్డ కోసరం మూడు శుక్రవారాలు నీళ్ళు గూడా ముట్టలా. ఏమాయ? నా బిడ్డ పాయ. శుక్రవారం వస్తే నాకు గొంతు దిగదు పాపా. తిను తిను అని ఈమె యెంటపడితే, సరే, నువ్వు ఉపవాసం ఇడిచి నా ముందర తింటే నేనూ తింటానంటి. తినదులే, నా పీడ వదిలి పోతాదిలే అనుకుంటి." అక్కడ ఆగింది. "తినింది" అని మళ్ళీ ముద్ద తుంచుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు నేను జేజి కొంగు పట్టుకుని ఏడ్చాను. ఇప్పుడే గుడిలోకి పోయి అందరికీ జరిగింది చెప్పేస్తానన్నాను.

"ఏం చెప్తావు మే? ఆ పిల్ల అన్నం తినే సంగతి నలుగుర్లో పెట్టే మాటనా?"

"మరి దేవుడు? ఆయన ముందర ఉపవాసం తప్పితివి కదా?"

"ఆయన కండ్లు మూసుకుని కూచోడులే. ప్రార్థనప్పుడు కండ్లు మూసుకునేది మనమే."

నాకింకా ఒకటి మిగిలింది. అడగకుండా ఉండలేకపోయాను. "ఎనుముకు నీళ్ళని అబద్ధం ఎందుకు చెప్తివి?"

"అది తప్పే" అంది జేజి. "శానా తప్పు. నాకు ఇంకో మాట తట్టలేదు."

జేజి ఆ తర్వాత కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. కొన్నాళ్ళకు అమ్మగారే పిలిచి మళ్ళీ ముందుకు రమ్మంటే, ఇప్పుడు చేస్తున్నామె బాగానే చేస్తాంది కదా అని వాకిలి దగ్గరే ఉండిపోయింది. బతికినన్నాళ్ళూ అక్కడే కూర్చుంది. ఆ వేసవి పొడుగునా శుక్రవారాల్లో నేనూ ఆమె వెంట అక్క వాళ్ళ ఇంటికి పోయాను. తొలకరి ముంగారు వానలు పడ్డాక ఒక రోజు మేము వెళ్ళేసరికి అక్క పొయ్యి అంటించి ఉంది. తానే సంగటి కెలికి మూడు పళ్ళేల్లో పెట్టింది. ఆ నెలలోనే కూలివాళ్ళతో కలిసి కలుపు తీతకు పోవడం మొదలుపెట్టింది. గుడికి మాత్రం మళ్ళీ రాలేదు. రమ్మని మా జేజి ఎన్నడూ అడగలేదు.

నాకిప్పుడు మనవరాళ్ళున్నారు. అనుమానించే బుద్ధి నన్ను వదిలిందని చెబితే అబద్ధమవుతుంది. ఇప్పటికీ ఎవరైనా మరీ గట్టిగా భక్తి గురించి మాట్లాడితే నా కళ్ళు వాళ్ళ చేతుల మీదికీ ముఖం మీదికీ పోతాయి. కానీ చూసింది చూసినట్టు నలుగురిలో అనేయడానికి నోరు రాదు. అవతలి మనిషి "నిజమే" అని తల వంచుకుంటే మరీ భయమేస్తుంది. ఆ శుక్రవారం తర్వాత నేను గుడిలో సాక్ష్యం చెప్పడానికి లేవనే లేదు. అయ్యగార్లు ఎందరో మారారు. కొత్తగా వచ్చిన ప్రతివారూ నన్ను లేవమంటారు, నేను తల అడ్డంగా ఊపుతాను. ఈ ముసలామెకు భక్తి తక్కువని వెనక వరసలో గుసగుసలాడుకోవడం నాకు వినబడుతూనే ఉంటుంది. అనుకోనీలే అని ఊరుకుంటాను.